మావయ్య ఇవ్వని ఐటం

వైబ్లింగెన్
8 సెప్టెంబరు 2024

మావయ్యకి అబిగెయిల్ రాసేది,

ఒంట్లో ఎలా ఉంది? మెడ మీద గుడ్డ రోజూ మారుస్తున్నావా? ఫోనులో మెసేజి పెడితే జూడీ వదిన చదివి నీకు చూపిస్తుంది, ఆనక తెనాలి ఫోను చేసి మా అమ్మకి చెబుతుంది. అందుకని కాగితం మీద రాస్తున్నాను. కవరు నువ్వే చించు.

నేను స్టేజి ఎక్కాను. స్టుట్‌గార్ట్‌లో పాత ట్రాము షెడ్డు ఒకటుంది. దాన్ని చిన్న హాలు చేశారు. నూట ఇరవై కుర్చీలు. గారడీ చేసేవాళ్లు, తాడు మీద నడిచేవాళ్లు, నవ్వించేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి వెళ్తుంటారు. నువ్వు తిరిగిన డ్రామా కంపెనీలో తెర మారేటప్పుడు నువ్వొచ్చేవాడివి కదా, ఇక్కడ ఆటంతా అలాంటివాళ్లే. నెలకి ఒక సోమవారం కొత్తవాళ్లకి నాలుగు నిమిషాలిస్తారు. ఆఫీసు అయ్యాక ఎస్‌-బాన్ రైలు ఎక్కి నేరుగా అటే వెళ్లాను.

నీ బ్యాండు మేళం నోటితో వాయించాను. క్లారినెట్టు బాగానే వచ్చింది. పెద్ద డ్రమ్ము మనిషి సారా కొట్టు దగ్గర ఆగిపోయి, ఊరేగింపు ముందుకెళ్లిపోయాక పరిగెత్తుతూ వాయించే చోట మన ఊళ్లో జనం కుర్చీల్లోంచి జారిపోయేవాళ్లు. ఇక్కడ ఒక్కరూ నవ్వలేదు. అయిపోయాక మర్యాదగా చప్పట్లు కొట్టారు, ఇంజెక్షనుకి ఏడవని పిల్లని మెచ్చుకున్నట్టు.

ఆ హాలు నడిపేది ఫ్రావ్ రాప్ అనే పెద్దావిడ. డెబ్బై దాటింది. ఒకప్పుడు చెక్కలు కోసే రంపం మీద వయొలిన్ కమాను పెట్టి పాటలు వాయించేదట. “నీ నోరు బాగుంది. ఐటం నాకు అర్థం కాలేదు. డిసెంబరు పద్నాలుగున మా పెద్ద ఆట. ఏడు నిమిషాలు ఖాళీగా ఉన్నాయి. సరిచేసుకుని రా” అంది.

మీ లైనులో ఒకరి ఐటం అడక్కుండా ఇంకొకరు చేయకూడదని నువ్వే చెప్పావు. చేసేశాను, తప్పయింది. ఇప్పుడు అడుగుతున్నాను. బ్యాండు మేళం నాకివ్వు. ఎక్కడ మార్చాలో కూడా రాయి.

ఉద్యోగం అలాగే ఉంది. అద్దాల గదిలో కూర్చోబెట్టి కార్ల గేరు పెట్టెలు తిప్పుతారు. ఏది అరుస్తోందో, ఏది మూలుగుతోందో విని రాయాలి. ష్వైన్‌ఫర్ట్‌లో రెండేళ్లు చదివింది దీనికే.

నీ మేనకోడలు
అబిగెయిల్

---

కనపర్తివారిపాలెం
24 సెప్టెంబరు 2024

అబ్బులుకి మీ మావయ్య సాముయేలు దీవెనలు.

పోస్టుమాను ఉత్తరం జూడీ చేతికివ్వబోతే మధ్యలో అందుకున్నాను. ఏమిటది అని అడిగింది. పలక మీద ‘ఎల్.ఐ.సి.’ అని రాసి చూపించాను.

క్లారినెట్టు బాగా వచ్చిందని నువ్వే రాసుకున్నావు. అలా రాసుకునేవాళ్లకి సాధారణంగా రాదు. జనం నవ్వనప్పుడు నువ్వు స్పీడు పెంచి ఉంటావు. పెంచకూడదు. తగ్గించాలి. వాళ్లు నవ్వకపోవడం మనకి తెలిసిపోయిందని వాళ్లకి తెలిస్తే ఆ రోజుకి అంతే. నేను ముప్పై నాలుగేళ్లు చేశాను. అందులో నాలుగేళ్లు ఎవరూ నవ్వలేదు.

అడిగినందుకు సంతోషం. ఇవ్వను.

రైలు తీసుకో. టైపు మిషను తీసుకో. రేడియోలో స్టేషను దొరకనిది, కోళ్ల గంప మీద కుక్క పడేది, సినిమా వాళ్ల గొంతులు అన్నీ తీసుకో. బ్యాండు మేళం మాత్రం వద్దు.

ఒంట్లో బాగుంది. రొయ్యల చెరువు దగ్గర పగటి కాపలాకి ఒప్పుకున్నాను. మాట్లాడక్కర్లేని పని. చలికి ఏం కప్పుకుంటున్నావు?

సాముయేలు

---

వైబ్లింగెన్
9 అక్టోబరు 2024

మావయ్యకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎందుకివ్వవో ఒక్క ముక్క లేదు.

అమ్మ నీకు చెప్పినట్టుంది. ఆడపిల్ల నోటితో డప్పులు వాయించడమేమిటి, సంబంధాలు చూసే వయసులో అంటుంది. ఆవిడ అంటే నాకు కొత్త కాదు. నువ్వు అంటావనుకోలేదు. నాకు ఆరేళ్లప్పుడు క్లారినెట్టు నేర్పింది నువ్వే. పెదవి ఇలా మడువు, నవ్వొస్తే నాలిక కొరుక్కో అని.

ఫ్రావ్ రాప్‌కి ఒప్పుకుంటూ సంతకం పెట్టేశాను. కాగితాల్లో ‘భారతీయ పెళ్లి బ్యాండు’ అని వేశారు. ఉద్యోగం వీసా మీద ఉన్నవాళ్లు స్టేజి పని చేయాలంటే విదేశీయుల ఆఫీసు అనుమతి కావాలి. ఆరు వారాల తర్వాతికి గానీ టెర్మిన్, అంటే వాళ్లని కలిసే తేదీ, దొరకలేదు. ఇంత చేసుకున్నాక ఏం చూపించను? రైలా? ఇక్కడ రైళ్లు చప్పుడు చేయవు.

నువ్వు ఎలాగూ చేయడం లేదు కదా మావయ్యా. ట్రంకు పెట్టెలో పెట్టుకుని ఏం చేస్తావు?

ఇక్కడ చలి మొదలైంది. కప్పుకోవడానికి అన్నీ ఉన్నాయి.

అబిగెయిల్

---

కనపర్తివారిపాలెం
12 అక్టోబరు 2024

అబ్బులుకి,

నీ దగ్గర్నుంచి జవాబు రాకముందే రాస్తున్నాను. ఒక పని పడింది.

గొంతు ఆపరేషను అయినవాళ్లకి పనికొచ్చే చిన్న యంత్రం ఏదైనా అక్కడ దొరుకుతుందేమో చూడు. మైకు లాంటిది. ఎందుకని అడక్కు. అయ్యాక చెబుతాను. ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. క్రిస్మసు లోపల అందాలి.

చెరువులో గాలి కొట్టే చక్రాలు పొద్దస్తమానం తిరుగుతుంటాయి. పక్కన బాంబు పేలినా వినబడదు. నాకు బాగానే ఉంది.

సాముయేలు

---

వైబ్లింగెన్
31 అక్టోబరు 2024

మావయ్యకి,

నీ రెండో ఉత్తరం అందింది. నా కోపం ఉత్తరం నీకు ఇంకా చేరిందో లేదో తెలియదు. చేరితే సగం చదువు.

యంత్రం సంగతి చదివాను. రెండేళ్లుగా పలక పట్టుకునే ఉన్నావు. మాట్లాడే యంత్రం కావాలని నోరు తెరిచి అడగడానికి నీకు ఎంత కష్టమై ఉంటుందో నాకు తెలుసు. మర్నాడే కొట్టుకి వెళ్లాను. అమ్మే ఆయనకి కూడా అదే ఆపరేషను అయింది. టార్చిలైటంత యంత్రం మెడకి ఆనించి, బటను నొక్కి, ‘గూటెన్ మోర్గెన్’ అని గుడ్ మార్నింగు చెప్పాడు. ప్రతి మాటా అర్థమైంది. మా అబ్బాయితో ఫోనులో పోట్లాడేది దీంతోనే అన్నాడు.

మా ఆఫీసులో శరత్ అని విజయవాడ అబ్బాయి నవంబరు పదికి ఇంటికి వెళ్తున్నాడు. అతనికిచ్చాను. మీ ఇంటికే తెచ్చిస్తాడు. ముందు ‘అబ్బులూ’ అని పిలిచి రికార్డు చేసి పంపు.

బ్యాండు మేళం గురించి ఇక అడగను. నువ్వు కాదన్నది చేయను. పద్నాలుగో తేదీకి ఏం చేస్తానో మాత్రం నాకు తెలియదు.

అబిగెయిల్

---

కనపర్తివారిపాలెం
28 అక్టోబరు 2024

అబిగెయిలుకి,

నీ కోపం అందింది. మీ అమ్మ నాకేమీ చెప్పలేదు. చెప్పినా నేను వినేవాడినా? ఆడపిల్లలు చేయకూడదనుకుంటే నీకు నేర్పేవాడినే కాదు.

‘నువ్వు ఎలాగూ చేయడం లేదు’ అని రాశావు. ఆ ముక్క రెండుసార్లు చదువుకున్నాను.

మా లైనులో పద్ధతి నీకు సగమే తెలుసు. ఐటం అడిగి తీసుకోవాలన్నది ఒక సగం. ఇచ్చినవాడు ఆ రోజు నుంచి దాన్ని మళ్లీ చేయకూడదన్నది రెండో సగం. ఊళ్లోనే కాదు, ఇంట్లో కూడా చేయకూడదు. మా గురువు నాకు టైపు మిషను ఇచ్చాక పదిహేనేళ్లు బతికాడు. ఒక్కసారి కూడా వేళ్లు ఆడించలేదు. బ్యాండు మేళం నీకిచ్చానంటే నా పని అయిపోయిందని నేనే సంతకం పెట్టినట్టు. అది రాయడం ఇష్టం లేక ఊరికే ఇవ్వనన్నాను.

నేను చేయబోతున్నాను. డిసెంబరు ఇరవై ఆరున చర్చి ముందు యువజనుల ప్రోగ్రాం. బహుమతులు పంచడానికి రమ్మని పాస్టరు గారు అడిగారు. పంచను, పది నిమిషాలివ్వండి అని పలక మీద రాశాను. ఆయన పలక వంక చూశాడు, నా మెడ వంక చూశాడు, సరే బ్రదర్ అన్నాడు.

ఊపిరి మెడ దగ్గర బెజ్జంలోంచి పోతుంది. నోటికి రాదు. అయినా చెంపల్లో కాస్త గాలి నిలుస్తుంది. దాంతో పెదవుల మీద పెద్ద డ్రమ్ము పలుకుతోంది, నాలిక మీద చిన్న డ్రమ్ము పలుకుతోంది. నెల రోజుల పైనుంచి చెరువు దగ్గర చక్రాల చప్పుడులో ఇదే పని. జూడీకి తెలిస్తే డాక్టరుకి చెబుతుంది. క్లారినెట్టు లేదు. దానికి గాలి కావాలి. అందుకని కథ మార్చాను. క్లారినెట్టు వాయించే బ్యాండు మాస్టరు రాలేదు, మిగతావాళ్లు పెళ్లికొడుకుని నిలబెట్టి ఎదురు చూస్తున్నారు. మాస్టరు చివరిదాకా రాడు.

డ్రమ్ములు చాలా చిన్నగా వినబడుతున్నాయి. మామూలు మైకు పెడితే మెడలో ఊపిరి బుస్సుమంటోంది. చెంపకి అంటించుకునే మైకు కావాలి. యంత్రం అని రాసింది అదే.

సాముయేలు

---

వైబ్లింగెన్
15 నవంబరు 2024

మావయ్యా,

నువ్వు ఇరవై ఎనిమిదిన రాసిన ఉత్తరం నిన్న వచ్చింది. శరత్ ఐదు రోజుల క్రితమే వెళ్లిపోయాడు. ఈపాటికి ఆ యంత్రం మీ ఇంట్లో ఉంటుంది. నువ్వు మైకు అడిగితే నేను మాట్లాడే యంత్రం పంపాను. చెంప మైకు ఇవాళ కొరియరులో వేశాను. ఊపిరి తగలకుండా చుట్టూ దూది లాంటి తొడుగు పెట్టించాను. చప్పుళ్ల సంగతి మా ఆఫీసువాళ్లకంటే ఎవరికి తెలుసు?

ఎలాగూ చేయడం లేదని రాసిన చెయ్యి ఇదే. క్షమించమని రాస్తే నువ్వు నవ్వుతావు. అయినా రాస్తున్నాను.

ఫ్రావ్ రాప్‌కి పెళ్లి బ్యాండు లేదని చెప్పాను. ఎందుకంది. మా మావయ్య ఇంకా రిటైరు కాలేదన్నాను. ఆవిడ లోపలికి వెళ్లి తన రంపం తెచ్చి చూపించింది. నలుగురు అడిగారట, ఎవరికీ ఇవ్వలేదట. “మీ మావయ్య సరిగ్గా చేశాడు. ఇంతకీ నీకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వినబడేదేమిటి?” అంది. గేరు పెట్టెలు అన్నాను. “ఈ ఊళ్లో సగంమంది వాటి మీదే బతుకుతున్నారు. నువ్వేమో వాళ్లు ఎన్నడూ చూడని పెళ్లి చూపించావు” అంది.

రేపటి నుంచి మొదలుపెట్టాలి. నాలుగు వారాలున్నాయి.

అబ్బులు

---

కనపర్తివారిపాలెం
20 నవంబరు 2024

అబిగెయిలుకి,

నీ శరత్ వచ్చాడు. పెట్టె జూడీ విప్పింది. నేను చెరువు నుంచి వచ్చేసరికి దాన్ని టేబులు మీద పెట్టి, ముగ్గురు పక్కింటివాళ్లని కూర్చోబెట్టి ఉంది. నాన్నా, నా పేరు పలుకు అంది. పలికాను. జూడీ లేచి టీ పెడతానని వెళ్లింది. చాలాసేపు టీ రాలేదు.

ఈ యంత్రం నాకు ఆసుపత్రిలోనే చూపించారు. వద్దని వచ్చాను. అది నీకు తెలియదు, ఎవరికీ చెప్పలేదు. రెండు వందల గొంతులు చేసినవాడికి చివరికి ఒక్కటి, అదీ మర గొంతు. నీ పేరు రికార్డు చేసి పంపమని రాశావు. పంపను.

నీ మీద కోపం లేదు. ఉన్నట్టే ఉంది గానీ లేదు. యంత్రం పెట్టెలో పెట్టేశాను. మైకు రాకపోతే ఇరవై ఆరు మానుకుంటాను.

సాముయేలు

---

వైబ్లింగెన్
16 డిసెంబరు 2024

మావయ్యకి,

నీ ఉత్తరం ఆటకి వారం ముందు వచ్చింది. చదివాక ఏ చప్పుడూ సరిగ్గా చేయలేకపోయాను. ఆ యంత్రం గురించి ఇక ఎవరినీ మాట్లాడనివ్వద్దని జూడీ వదినకి చెప్పాను. తను ఆ రోజు టీ ఎందుకు ఆలస్యం చేసిందో నువ్వే అడుగు. నువ్వనుకున్నది కాదు.

ముందు ఆఫీసు సంగతి. విదేశీయుల ఆఫీసులో కూర్చున్నాయన నా కాగితాలు చూసి, “స్టేజి మీద అసలు ఏం చేస్తారు?” అన్నాడు. నోటితో చప్పుళ్లు అన్నాను. “ఏ చప్పుళ్లు?” అన్నాడు. వాళ్ల హాల్లో నంబరు పిలిచేటప్పుడు మోగే గంట మోగించాను. బయట ఒకాయన లేచి చీటీ పట్టుకుని లోపలికి వచ్చాడు. ఆఫీసరు నవ్వలేదు. ‘సంగీతం’ అని టైపు చేసి ముద్ర వేశాడు.

ఐటం ఇది. గేరు పెట్టె ఒకటి రిపేరుకి వస్తుంది. నేను అద్దాల గదిలో వింటాను. మొదటి గేరు మన చర్చి క్వయరులో ముందు వరస బామ్మలాగా, అందరికంటే ముందే పాట అందుకుంటుంది. రెండోది ఆవిడ వెనక ఈడుస్తుంది. మూడోదానికి శ్రుతి లేదు, గొంతు ఉంది. నాలుగోది పాట మధ్యలో దగ్గుతుంది. ఐదోది చాలా బాగా పాడుతుంది, కానీ దాన్ని ఎవరూ వేయరు, ఊళ్లో అన్నీ గంటకి ముప్పై కిలోమీటర్లు దాటకూడని రోడ్లే. చివరికి అన్నీ కలిసి పాట ముగిస్తుంటే రివర్సు పడుతుంది.

మొదటి నిమిషం నిశ్శబ్దం. స్పీడు పెంచబోయాను. నువ్వు రాసింది గుర్తొచ్చి తగ్గించాను. మూడో గేరు దగ్గర వెనక వరసలో ఒకాయన గట్టిగా, “అదే, నా బండిలోది అదే” అన్నాడు. అక్కడి నుంచి ఆగలేదు. రివర్సు పడేసరికి ఒకావిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటోంది. ఫ్రావ్ రాప్ తెర పక్కన నిలబడి చూసింది. “ఏప్రిల్లో నాలుగు శనివారాలు” అంది, అంతే.

మైకు అందిందా? ఇరవై ఆరు ఏమైందో రాయి. చేయకపోయినా రాయి.

అబ్బులు

---

కనపర్తివారిపాలెం
2 జనవరి 2025

అబ్బులుకి,

నీ గేరు పెట్టె చదివాను. చదివితే నవ్వు రావడం కష్టం, అయినా నాలుగో దాని దగ్గర వచ్చింది. రివర్సు పడ్డాక ఎంతసేపు ఆగావో రాయలేదు. రెండు సెకన్లు ఆగాలి. ముందే వంగి దండం పెట్టేసి ఉంటావు.

మైకు కస్టమ్సులో నెల రోజులు ఆగి, డిసెంబరు ఇరవై ఒకటిన అందింది. దానికీ యంత్రానికీ ఒకే రకం బ్యాటరీ. మైకుకి నువ్వు పంపిన బ్యాటరీ చేయి జారి చెరువులో పడింది. అందుకని ఇరవై మూడున యంత్రం పెట్టెలోంచి తీశాను, బ్యాటరీ లాగేద్దామని. ముందు అది పనిచేస్తోందో లేదో చూద్దామని చెంపకి ఆనించి నొక్కాను. మెడకి కాదు, చెంపకి. పెదవులు క్లారినెట్టు పట్టినట్టు మడిచాను. అలవాటు. లోపల్నుంచి మా పాత బ్యాండు మాస్టరు వచ్చాడు. రీడు చీలిపోయి, జలుబు చేసి, శ్రుతి కిందికి జారుతూ, అచ్చం ఆయనే. బటను గట్టిగా నొక్కితే పైకి వెళ్తుంది, వదిలితే కిందికి వస్తుంది. మాట్లాడితే అది మర గొంతు. వాయిస్తే కాదు. ఆ రోజంతా చెరువు దగ్గర వాయించాను. రొయ్యలకి ఏమీ కాలేదు.

జూడీ చెరువు గట్టుకొచ్చి వెనక నిలబడి ఉండడం చూసుకోలేదు. డాక్టరుకి చెబుతావా అని రాశాను. కొత్త బ్యాటరీ కొనుక్కొస్తాను అంది. టీ సంగతి అడిగాను. నాన్న తన పేరు పలికి రెండేళ్లయిందని, వంటింట్లో నిలబడి ఇంకోసారి వినబడుతుందేమోనని చూసిందట. ఇప్పుడు రోజూ పొద్దున ఒకసారి పిలుస్తున్నాను. మర గొంతే. తనకి ఫరవాలేదట.

ఇరవై ఆరున ఎక్కాను. మొదటి రెండు నిమిషాలు చూడాల్సింది. మూడు వందలమంది తలలు దించుకున్నారు. పాపం అనుకుంటున్నారు. అది నవ్వకపోవడం కన్నా చెడ్డది. డ్రమ్ములు వాయిస్తున్నాను, పెళ్లికొడుకు నిలబడి ఉన్నాడు, మాస్టరు రాలేదు. నేను వాచీ చూసుకున్నాను. ఆగాను. అప్పుడు బజ్జీల కొట్టు వెంకటరమణమ్మ చివరి వరస నుంచి, “ఆ సారా కొట్టు దగ్గరే ఉండుంటాడు, వెళ్లి లాక్కురండి” అంది. ఒక్కసారి షామియానా లేచిపోయేలా నవ్వారు. అప్పుడు యంత్రం తీసి చెంపకి పెట్టాను. మాస్టరు దూరం నుంచి వచ్చాడు, ఊగుతూ. పాస్టరు గారు నవ్వు ఆపుకోలేక కుర్చీ పట్టుకున్నారు. చివర్లో ఒక చోట బటను జారి శ్రుతి తప్పింది. అదీ మాస్టరు ఖాతాలోకే పోయింది.

అందుకని బ్యాండు మేళం ఇప్పట్లో ఇవ్వను. నీకు సొంతది ఉంది కాబట్టి అడగవు కూడా.

ఈ నెల పదకొండున పెదపాలెం వాళ్లు పిలిచారు. పద్దెనిమిదిన ఇంకో ఊరు. ఫిబ్రవరిలో ఆసుపత్రివాళ్లు ఆపరేషను అయినవాళ్ల మీటింగు పెట్టి, యంత్రం తీసుకుని రమ్మన్నారు. చెరువు పనికి వేరేవాళ్లని చూసుకోమని చెప్పాను.

ఉత్తరం ఆలస్యమైతే ఒంట్లో బాగాలేదనుకోకు. ప్రోగ్రాం ఉందనుకో.

మీ మావయ్య
సాముయేలు